పాత వంతెనకి తీగలు బిగించి పూత పూస్తారంట, మామిడి లారీ పోవచ్చా?

తోతాపురి_రైతు (దామలచెరువు దగ్గర)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరుని కాదు. మామిడి తోట ఉంది, పంచాయతీలో వార్డు మెంబరుని, అంతే.

మా ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య వంక మీద మూడు ఖానాల వంతెన ఉంది. నేను పుట్టకముందే కట్టినారని మా నాయన చెప్తాడు, నాకిప్పుడు నలభై ఆరు. ఒక్కో ఖానా నలభై అడుగులు, కింద మూడేసి గర్డర్లు (పొడుగు కాంక్రీటు దూలాలు), రోడ్డు వెడల్పు పద్దెనిమిది అడుగులు. పోయిన ఏడాది దాని దగ్గర 10 టన్నులు దాటిన బండి పోకూడదని బోర్డు పెట్టినారు. కాయ కోతకొచ్చినప్పుడు లారీలు పదిహేడు కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. లేదంటే ట్రాక్టర్లో వంతెన దాటించి అవతల లారీకి ఎక్కించాలి. తోతాపురి కాయని రెండుసార్లు ఎత్తి పోస్తే ఏమవుతుందో గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర రేటు కోసేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఆఫీసు వాళ్ళు వచ్చి చూసిపోయినారు. కొత్త వంతెనకి డబ్బు లేదంట, ఉన్నదాన్నే గట్టి చేస్తారంట. నాకు అర్థమైనంత వరకు, గర్డర్ల అడుగున సన్న వైర్ రోపులు బిగలాగి కట్టి, వాటి మీద పాలిమర్ మోర్టార్ పూస్తారు. ఇంకో దారి కార్బన్ గుడ్డ అతికించడం. గ్రామసభలో ఈ మాట చెప్పగానే మా పెద్దాయన ఒకాయన "విరిగిన కాలికి తాయెత్తు కట్టినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. కానీ తీర్మానం మీద సంతకం పెట్టాల్సిన వాళ్ళలో నేనొకణ్ణి, అదే టెన్షన్.

చిటికెన వేలంత కూడా లేని తాడు టన్నుల బరువు ఎట్లా మోస్తుంది? నులక మంచం బిగించినట్టు బిగిస్తారా? అట్లయితే రెండు నెలలకి మంచం లాగానే మళ్ళీ జారదా? మన ఎండలకి ఆ జిగురు ఆగుతుందా? తెలిసినవాళ్ళు తెలుగులోనే చెప్పండి, పీడీఎఫ్ లింకులు పెట్టొద్దు దయచేసి.

స్ట్రక్చర్స్_ఎంటెక్ (తిరుపతి)

అన్నా, నులక మంచం పోలిక మా క్లాసులో చెప్పినదాని కంటే బాగుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మంచం కుంగి ఉంది. ఉన్న నులక పక్కనే ఇంకో తాడుని బిగించకుండా అల్లారనుకోండి. ఎవరైనా ఎక్కి ఇంకొంచెం కుంగితేనే ఆ కొత్త తాడుకి పని పడుతుంది. కార్బన్ గుడ్డని మామూలుగా అతికిస్తే జరిగేది అదే. గర్డర్ తన సొంత బరువుతో అప్పటికే వంగి ఉంది, పాత చువ్వలు ఆ బరువుని మోస్తూనే ఉన్నాయి. గుడ్డకి వాటా వచ్చేది ఆ తర్వాత వచ్చే లారీ బరువులోనే. కార్బన్ చాలా గట్టిది, బరువు ఇనుములో అయిదో వంతు. కానీ దాని పూర్తి బలం వాడుకునేలోపే చాలాసార్లు కాంక్రీటు నుంచి పొరలా ఊడొచ్చేస్తుంది.

రోపుని ముందే లాగి కడితే లారీ రాకముందే అది పనిలో ఉంటుంది. గర్డర్ని రెండు కొసల నుంచి నొక్కుతుంది, అడుగున నొక్కుతుంది కాబట్టి కొంచెం పైకి ఎత్తుతుంది కూడా. సన్న పగుళ్ళు మూసుకుంటాయి. ప్రీస్ట్రెస్ అంటే ఇదే.

లెక్క చూడండి. 4.5 మి.మీ. రోపులో ఇనుము సుమారు 10 చదరపు మి.మీ. ఉంటుందనుకుందాం. ఆ రకం తీగ చదరపు మి.మీ.కి 1500 న్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అంటే ఒక్క రోపు తెగాలంటే ఒకటిన్నర టన్నుల లాగుడు కావాలి. అందులో నలభై శాతానికి బిగిస్తే రోపుకి 600 కిలోలు. ఒక గర్డర్ కింద 20 రోపులు వేస్తే 12 టన్నులు. ఒక్కో రోపు మీద లాగుడు తక్కువ కాబట్టి పెద్ద జాకీలు అక్కర్లేదు, కొసల్లో ఉక్కు పలక బిగించి బోల్టు తిప్పి లాగొచ్చు. చిన్న వంతెనలకి ఈ పద్ధతి నచ్చడానికి అదొక కారణం. పూతలో రెండు రకాలున్నాయి. ఒకటి పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్. రెండోది పాలీయూరెథేన్‌లో సిమెంటు కలిపినది, చైనాలో దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. మామూలు కాంక్రీటు కంటే తేలిక, గంటల్లో గట్టిపడుతుంది, వంగినప్పుడు తొందరగా పగలదు.

జారడం గురించి. 12 మీటర్ల రోపుని ఆ మేరకు బిగిస్తే సుమారు 60 మి.మీ. సాగుతుంది. కొస పట్టు దగ్గర 2 మి.మీ. జారితే పోయేది మూడు శాతమే. అదే 3 మీటర్ల ముక్కయితే సాగేది 15 మి.మీ., అదే 2 మి.మీ. జారుడుకి పదమూడు శాతం పోతుంది. కాబట్టి రోపులు పొడవుగా వేస్తున్నారా, ముక్కలు ముక్కలుగా వేస్తున్నారా అని అడగండి.

రోపు_రిగ్గర్ (రేణిగుంట)

తమ్ముడు లెక్క బాగా చెప్పినాడు. నేను చేతిపని చెప్తా. ఇరవై ఏళ్ళుగా క్రేన్ల రోపులతోనే బతుకు.

కొత్త రోపు మొదటి లోడుకి సాగుతుంది. అది ఇనుము సాగడం కాదు, పేటలు ఒకదాని మీద ఒకటి సర్దుకోవడం. ఆ సాగుడు ముందే తీసేయకుండా బండిల్ విప్పి అట్లనే గర్డర్‌కి కట్టినారంటే, మీరన్న మంచం కథే. ముందుగా లాగి, వదిలి, మళ్ళీ లాగిన రోపా అని అడగండి.

రెండోది, క్రేన్ రోపు అస్సలు వద్దు. దాని నడుమ నార ఉంటుంది, నిండా గ్రీజు ఉంటుంది. గ్రీజుకి మోర్టార్ పట్టదు. మిగిలిన రోపు చవగ్గా దొరికిందని తెచ్చేవాళ్ళుంటారు, కన్నేసి ఉంచండి. ఇనుప నడుము ఉన్నది, జింక్ పూత ఉన్నది లేదా స్టెయిన్‌లెస్, పొడిగా ఉన్నది కావాలి.

ఇంకా, కొసలు యూ-బోల్ట్ క్లిప్పులతో కట్టినట్టు కనబడితే పని ఆపించండి. క్లిప్పు సరిగ్గా వేసినా రోపు బలంలో ఎనభై శాతమే పట్టుకుంటుంది. చాలామంది తిరగేసి వేస్తారు, బరువు మోసే తీగ మీద యూ వంపు పడి నలుగుతుంది. ప్రెస్సులో నొక్కిన ఫెర్రూల్ (రోపు కొసకి తొడిగే లోహపు గొట్టం) ఉండాలి.

రిటైర్డ్_డీఈఈ (చిత్తూరు)

రోడ్లు, వంతెనల పనిలో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. పై ఇద్దరూ చెప్పింది సరే. నాకు ఒక చేదు అనుభవం ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక పాత వంతెన గర్డర్లకి కార్బన్ గుడ్డ అతికించే పని నా చేతి మీదుగా జరిగింది. చూడటానికి నల్లగా నిగనిగలాడుతూ భలే ఉండేది. రెండు వానాకాలాలు గడిచాక ఒక మూల నుంచి పొర లేచింది. చేత్తో పట్టుకుని లాగితే మూర పొడుగున ఊడి వచ్చింది, దాని వెనక కాంక్రీటు పొడి అంటుకుని ఉంది. జిగురు తప్పు కాదది. పై పొర కాంక్రీటే బలం చచ్చి ఉంది, పైగా తడి ఆరకుండా అతికించాం. పని జరిగినప్పుడు నేను వారంలో రెండు రోజులే వెళ్ళాను. తప్పు ఇంకెవరి మీదా వేయను.

అందుకే ఎవరైనా ఏది అతికిస్తామన్నా నేను అడిగే మొదటి ప్రశ్న, పుల్-ఆఫ్ టెస్ట్ చేశారా అని. చిన్న ఉక్కు బిళ్ళని కాంక్రీటుకి అంటించి లాగుతారు. చదరపు సెంటీమీటరుకి సుమారు 14 కిలోల లాగుడుకైనా కాంక్రీటు ఊడకుండా ఆగాలి. ఆగకపోతే దాని మీద ఎంత ఖరీదైన గుడ్డ అతికించినా గోడ మీద పోస్టరే.

రోపు పద్ధతికి ఆ బెడద కొంత తక్కువ, లాగుడు ప్రధానంగా కొసల పలకల మీద పడుతుంది కాబట్టి. అయితే ఆ పలకలు బిగించే చోట కాంక్రీటు గట్టిగా ఉండాలి, డ్రిల్లు పాత చువ్వలకి తగలకూడదు.

జారితే మంచం లాగా మళ్ళీ బిగించొచ్చు గదా అని మీకు అనిపించొచ్చు, ఇక్కడ అది కుదరదు. పెద్ద వంతెనల్లో బయట కేబుళ్ళు వేసినప్పుడు కొసలు తెరిచి ఉంచితే తర్వాత మళ్ళీ లాగే వీలుంటుంది. ఇక్కడ మోర్టార్ పూశాక రోపు అందులో సమాధి. బదులుగా ఒక మేలుంది, కొస పట్టు కొంచెం సడలినా పూత రోపుని పొడవునా పట్టుకుని ఉంటుంది, గాలీ నీరూ తగలనివ్వదు. బిగించి ఉన్న తీగకి తుప్పు పడితే ఎంత ప్రమాదమో గోవాలో చూశాం. మాండవి నది మీద వంతెన 1986లో కూలింది, లోపలి ప్రీస్ట్రెస్ తీగలు తుప్పు పట్టి. మామూలు చువ్వ తుప్పు పడితే కాంక్రీటు ఉబ్బి, రాలి, ముందే చెబుతుంది. బిగిసిన తీగ చెప్పకుండా తెగుతుంది. కాబట్టి పూత మందం దగ్గర పిసినారితనం చేయనివ్వొద్దు.

ఎండ గురించి. కార్బన్ గుడ్డకి సైట్లో కలిపి పూసే ఎపాక్సీ జిగురు చాలావరకు 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. గర్డర్ అడుగు నీడలో ఉంటుంది కాబట్టి అక్కడ భయం లేదు, పడమటి వైపు గర్డర్ బయటి ముఖం మీద మధ్యాహ్నం ఎండ పడే చోట ఆలోచించాలి. నాకు ఎండ కంటే మంట భయం. మన ఊళ్ళల్లో వంతెన కింద చెరకు ఆకు, చెత్త తగలబెడతారు. కార్బన్ గుడ్డ కింద ఒక్కసారి అలా మంట పెడితే జిగురు పని ముగిసినట్టే. మీ వంతెనకి రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే, ఈ ఒక్క కారణానికే నేను రోపు, సిమెంటు మోర్టార్ వైపు ఉంటాను.

ఇక మీ పెద్దాయన తాయెత్తు మాట. ఆయనది పూర్తిగా తప్పు కాదు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ 440 మార్గదర్శకంలో ఒక నియమం ఉంది: అతికించింది మొత్తం ఊడిపోయినా, పాత నిర్మాణం ఒక్కటే తన సొంత బరువుకి 1.1 రెట్లు, దాంతోపాటు వాహనాల బరువులో 0.75 వంతు మోయగలగాలి. అంటే చచ్చిన వంతెనని ఇది బతికించదు, బలహీనపడ్డదాన్ని నిలబెడుతుంది. అందుకని సంతకానికి ముందు మీరు ఒకసారి వంతెన కిందికి దిగండి. గర్డర్లు ఎవరైనా చూస్తారు, మీరు మిగతావి చూడండి. వాన నీళ్ళు పోయే గొట్టాలు తెరిచి ఉన్నాయా? వాటి నోటి దగ్గర తారు మందం ఎంత? గర్డర్ కొసల కింద, అవి పిల్లరు మీద ఆనే బేరింగుల చుట్టూ ఏముంది? పిల్లర్ల కాళ్ళ దగ్గర ఇసుక ఎంత దిగింది?

తోతాపురి_రైతు

సార్, ఇవాళ పొద్దున దిగినా. మా తమ్ముడి కొడుకుని కూడా తీసుకుపోయినా, వాడు ఫొటోలు తీసినాడు.

నీళ్ళ గొట్టాలు పైనుంచి కనబడలేదు. కింద నుంచి గొట్టం చూసి, పైన ఆ అంచనాకి గడ్డపారతో కెలికితే తారు కింద దొరికింది. తారు మందం ఏడంగుళాలు ఉంది సార్! రోడ్డేసిన ప్రతిసారీ మేమే కొబ్బరికాయ కొట్టినాం, పాత తారు తీయండని ఒక్కరం అనలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది, చిన్నప్పుడు ఆ పిట్టగోడ ఎక్కాలంటే ఎగరాల్సి వచ్చేది, ఇప్పుడు కూర్చుంటే మోకాళ్ళు పైకొస్తాయి. నేను పెరిగినాననుకున్నా.

బేరింగుల దగ్గర మట్టి, పావురాల రెట్ట, ఒక చోట రావి మొక్క. గర్డర్ల మీద సుత్తితో తట్టినాం. నడి ఖానాలో రెండు చోట్ల డొల్లగా పలికింది, ఒక చోట చువ్వ బయటికి కనబడతా ఉంది. పిల్లర్ల దగ్గర మాత్రం నాకు భయమేసింది. ఒక పిల్లరు కింద పునాది దిమ్మ పై అంచు కనిపిస్తోంది. 2021 నవంబరు వరదకి ముందు అది ఇసుకలో ఉండేది, అక్కడే మేం చెలమ తవ్వుకునేవాళ్ళం. వరద ఒకటే కాదులెండి, ఆ తర్వాత రాత్రిళ్ళు ట్రాక్టర్లు కూడా ఇసుకని వదల్లేదు.

రిటైర్డ్_డీఈఈ (చిత్తూరు)

మీరు సగం ఇంజనీరు పని చేసేశారు.

తారు సంగతి చూద్దాం. మామూలుగా పై పొర మూడంగుళాలు ఉంటుంది. మీ దగ్గర ఏడు. అదనంగా నాలుగంగుళాలు, అంటే 0.1 మీటరు. ఖానా 12 మీటర్లు, వెడల్పు 5.5 మీటర్లు. అంతా కలిపితే 6.6 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి 2.3 టన్నుల చొప్పున ఒక్కో ఖానా మీద 15 టన్నులు. బోర్డు పెట్టి 10 టన్నుల బండిని ఆపుతున్నారు, 15 టన్నుల బండి ఒకటి ప్రతి ఖానా మీదా రాత్రింబవళ్ళు ఆగే ఉంది.

ఇప్పుడు దీన్ని తమ్ముడి రోపు లెక్క పక్కన పెట్టండి. 15 టన్నులు మూడు గర్డర్లకి పంచితే ఒక్కోదానికి 5 టన్నులు. దానివల్ల గర్డర్ మధ్యలో పుట్టే వంపు మూమెంట్ (గర్డర్ని వంచే ప్రభావం) సుమారు ఏడున్నర టన్ను-మీటర్లు. 20 రోపులు 12 టన్నులతో నొక్కితే, గర్డర్ మధ్యరేఖకి అవి 0.6 మీటరు కింద ఉన్నాయనుకుంటే, తగ్గించే మూమెంట్ ఏడుంబావు. రెండూ ఇంచుమించు ఒకటే! అదనపు తారు గీకి పారేస్తే, రోజువారీ భారం విషయంలో రోపులు ఇచ్చేంత ఊరట ఇంచుమించు ఉచితంగా వస్తుంది. రోపు వల్ల ఇంకో లాభం ఉంది, ఓవర్‌లోడు బండి ఎక్కితే తెగేదాకా అదీ చెయ్యి వేస్తుంది, తారు తీస్తే ఆ బలం రాదు. కాబట్టి ఒకటి చేస్తే ఇంకోటి అక్కర్లేదని కాదు. కానీ తారు తీయకుండా రోపులు బిగిస్తే, ఆ డబ్బంతా తారుని మోయడానికే పోతుంది.

గొట్టాలు తెరవాలి, అది వేలల్లో పని. నీళ్ళు శ్లాబులోకి దిగి దిగి చువ్వలు తుప్పు పట్టాయి. తుప్పు ఆగకుండా పైన పూత పూస్తే లోపల చీము పెట్టి పైన కట్టు కట్టినట్టు. డొల్ల కాంక్రీటు తీసేసి, చువ్వలు శుభ్రం చేసి, ఎంత మందం పోయిందో కొలిచాకే రోపు మాట. హాఫ్-సెల్ టెస్ట్ (లోపలి చువ్వల తుప్పుని వోల్టేజీ కొలిచి పసిగట్టేది) చేయమనండి, రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే ఇంకా కిందికి ఉంటే అక్కడ తుప్పు నడుస్తోందని తొంభై శాతం పైగా నమ్మొచ్చు. బేరింగుల దగ్గర మట్టి ఉంటే ఎండకి గర్డర్ సాగడానికి చోటుండదు, కొసలు చిట్లుతాయి. రోపు పలకలు బిగించేదీ ఆ కొసల దగ్గరే, మర్చిపోవద్దు.

అన్నిటికంటే ముందు ఆ పునాది. మీ వంకలు పది నెలలు ఎండి, రెండు రోజులు సముద్రమవుతాయి. పునాది చుట్టూ ఇసుక పోతే గర్డర్‌కి బంగారు తీగలు కట్టినా లాభం లేదు. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది పాత వంతెన 2016 ఆగస్టులో వరదకే కొట్టుకుపోయింది, లారీ బరువుకి కాదు. పునాది ఎంత లోతుందో పాత డ్రాయింగ్‌లో చూడాలి, చుట్టూ రాళ్ళ ఏప్రాన్ (ఇసుక కొట్టుకుపోకుండా పరిచే రాళ్ళ పరుపు) వేయాలి. ఇది అక్టోబరు వానలకి ముందే అవ్వాలి, రోపులు సంక్రాంతి తర్వాతైనా పర్వాలేదు.

లోడ్_డ్రైవర్ (పలమనేరు)

నేను గ్రానైటు దిమ్మలు తోలేవాణ్ణి. ఎవరు ఏం కట్టినా మా ఓనర్లు దాని మీద ఇంకో అయిదు టన్నులు ఎక్కిస్తారు. 2018లో రెండు యాక్సిళ్ళ లారీకి 16.2 నుంచి 18.5 టన్నులకి లిమిట్ పెంచినప్పుడే, వంతెనలు కూడా పెంచినారా అని మేం నవ్వుకున్నాం. పెద్ద బండ్లు దూరకుండా అడ్డంగా ఎత్తు గేటు పెట్టించండి అన్నా, బోర్డుని రాత్రి పూట ఎవరూ చదవరు.

స్ట్రక్చర్స్_ఎంటెక్ (తిరుపతి)

సార్, తారు లెక్క చూసి సిగ్గేసింది. నేను 20 రోపులు వేశాను గానీ పైన ఏముందో అడగలేదు. ఒక మాట కలుపుతాను అన్నా: పని అయ్యాక లోడ్ టెస్ట్ చేయాలని తీర్మానంలోనే రాయించండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్‌పీ 51 ప్రకారం బరువు పెట్టి 24 గంటలు ఉంచి తీస్తారు. తీశాక మరో 24 గంటల్లో ఆర్‌సీసీ (చువ్వలు వేసిన కాంక్రీటు) గర్డర్ కుంగినదాంట్లో కనీసం 75 శాతం వెనక్కి రావాలి. మోర్టార్ గట్టిపడేదాకా వంతెన మీద బండ్లు పూర్తిగా ఆపాలి, అదుర్లకి పూత పట్టు పోతుంది.

తోతాపురి_రైతు

అందరికీ చాలా థాంక్స్. తీర్మానం కాగితం మీద ఇట్లా రాసినా: మొదట పునాది, రెండు తారు, మూడు గొట్టాలు, బేరింగులు, ఆ తర్వాతే టెస్టులు, రోపులు, చివర్లో లోడ్ టెస్ట్. మా పెద్దాయనకి చదివి వినిపిస్తే "తారు తీసేదానికి మళ్ళీ కొబ్బరికాయ కొడతారా" అని అడిగినాడు.

సార్, మీకు వీలైతే ఒక్కసారి వచ్చి ఆ పునాది చూడగలరా? దామలచెరువు బస్టాండుకి బండి తెస్తాను.

రిటైర్డ్_డీఈఈ (చిత్తూరు)

ఆదివారం వస్తాను. టేపు, సుత్తి నేను తెస్తాను, మీరు నిచ్చెన ఒకటి, గడ్డపార పట్టగలిగిన మనిషిని ఒకణ్ణి చూసి పెట్టండి. ఆ రావి మొక్కని మాత్రం నేను వచ్చేదాకా పీకొద్దు, వేరు ఎంత లోపలికి పోయిందో చూడాలి.

తోతాపురి_రైతు

అట్లనే సార్. ఆరింటికే రండి, తొమ్మిది దాటితే ఇసుకలో నిలబడలేం.